ఇంకో కుర్చీ వేయండి

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను మోగింది. ఆ వేళప్పుడు మోగితే ఎవరికో ఏదో అయిందనే మా ఆవిడ లెక్క. తీసి చూస్తే మా మేనల్లుడు. గుంటూరు వైపు ఒక రెవెన్యూ ఆఫీసులో డిప్యూటీ తహసీల్దారు.

“మామయ్యా, పడుకున్నావా? ఒక్క మాట చెప్పు. జడ్పీ చైర్‌పర్సన్ ముందా, మేయర్ ముందా?”

“ఎందుకురా ఇప్పుడు?”

“రేపు ఓపెనింగ్. స్టేజీ మీద పదకొండు కుర్చీలు. మధ్యలో మంత్రిగారు. ఆయనకి ఆ పక్కన ఎవరు, ఈ పక్కన ఎవరు అనేది మా సార్ నా నెత్తిన పెట్టి ఇంటికెళ్లిపోయారు. టెన్షన్‌గా ఉంది మామయ్యా.”

నవ్వొచ్చింది, జాలీ వేసింది. రిటైరైన వాణ్ణి గనక ఇప్పుడు ఒప్పుకోవచ్చు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో సర్వే గొడవలు చూశాను, వరద పరిహారాలు చూశాను, ఎన్నికల డ్యూటీలు చేశాను. వాటిలో ఏదీ నన్ను కుర్చీలంత భయపెట్టలేదు. సర్వేలో తప్పు జరిగితే అప్పీలుంది. కుర్చీల్లో తప్పు జరిగితే మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ‘ప్రోటోకాల్ ఉల్లంఘన’ అని హెడ్డింగు, పదకొండింటికల్లా చేతిలో మెమో. అప్పట్లో మా ఆఫీసు బీరువాలో తెల్ల టర్కీ టవళ్లు నాలుగే మంచివి ఉండేవి. మంచివంటే మరకలు లేనివని. టవలు వేసిన కుర్చీ పెద్దలది, వేయనిది మిగతావాళ్లది. ఐదో పెద్దమనిషి బయల్దేరాడని కబురొస్తే అటెండరు సైకిలేసుకుని బజారుకి పరిగెత్తేవాడు. ఆ టవలు డబ్బు ఏ పద్దులో రాయాలో ఎవరికీ తెలిసేది కాదు. చివరికి ఎవరి జేబులోంచి పోయేదో రెవెన్యూలో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బెజవాడలో ఉంటున్నాం. పొద్దున్నే బందరు కాలువ గట్టున నాతో నడిచే మిత్రులు నలుగురైదుగురున్నారు. ఫోను సంగతి చెబితే అందరిదీ ఒకటే మాట. “ఆ ప్రోటోకాల్ అనేది ఎత్తిపారేస్తే పీడా పోతుందండీ. తెల్లదొరలు అంటించి పోయిన జబ్బు.” వాళ్లలో ఒకాయన లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్నే రద్దు చేసింది కదా, ఈ వరసలు మాత్రం ఎందుకని అడిగాడు. మంచి ప్రశ్నే. అయినా నేను వాళ్లతో ఒప్పుకోలేదు. నేను చూసినంతలో, స్టేజీ మీద జరిగిన గొడవల్లో ప్రోటోకాల్ ఉండబట్టి వచ్చినవి చాలా తక్కువ. అది లేని చోట, ఉన్నా ఎవరి దగ్గరా కాగితం దొరకని చోట వచ్చినవే ఎక్కువ. ఈ జాబితాలు దొరల దర్పం కోసమే పుట్టి ఉండొచ్చు. ఇవాళ వాటితో ఎక్కువ పని ఉన్నది మాత్రం ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెట్టి, పేరు రాసి, కుర్చీ ముందు నిలబెట్టే గుమాస్తాకే.

ముందు, ఏ పదవి తర్వాత ఏ పదవో చెప్పే ఆ అసలు జాబితా సంగతి చెప్పాలి. ఇప్పుడు మనం వాడుతున్నది 1979 జూలై 26న రాష్ట్రపతి సచివాలయం ప్రకటించింది. తర్వాత కొన్ని సవరణలు జరిగాయి. మొత్తం 26 మెట్లు. మొదటి మెట్టు రాష్ట్రపతిది, రెండోది ఉపరాష్ట్రపతిది, మూడోది ప్రధానిది. నాలుగో మెట్టు మీద, తమ రాష్ట్రంలో ఉన్నంతసేపు, గవర్నర్లు. ముఖ్యమంత్రి తన రాష్ట్రంలో ఏడో మెట్టు మీద కేంద్ర కేబినెట్ మంత్రులతో సమానం. భారతరత్న వచ్చినవాళ్లు ఆ వెంటనే, 7ఎ దగ్గర. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, అసెంబ్లీ స్పీకరు తమ రాష్ట్రంలో 14. రాష్ట్ర కేబినెట్ మంత్రులు 15. ఎంపీలు 21. చీఫ్ సెక్రటరీ 23. అంటే రాష్ట్రంలో ఉద్యోగులందరికీ పెద్ద అయిన మనిషి, మొదటిసారి గెలిచిన ఎంపీ కంటే రెండు మెట్లు కింద. ఈ సంగతి తెలిసినప్పుడు మా ఆఫీసులో చాలామందికి ఎందుకో తెలియని సంతోషం కలిగింది. ఒకే మెట్టు మీద ఇద్దరుంటే ఆ మెట్టు ముందెక్కినవాళ్లు ముందు. అక్కడ వయసుతో పనిలేదు, పార్టీతో పనిలేదు, వెనక ఎన్ని కార్లు వచ్చాయన్నదానితో అసలే పనిలేదు.

ఇందులో నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. రాష్ట్రం దాటితే మెట్టు మారిపోతుంది. హైవే మీద జగ్గయ్యపేట అవతల గరికపాడు చెక్‌పోస్టు దాటారనుకోండి, మన ముఖ్యమంత్రి ఏడు నుంచి ఎనిమిదికి దిగుతారు. గవర్నరైతే నాలుగు నుంచి ఏకంగా ఎనిమిదికి. కేబినెట్ మంత్రి 15 నుంచి 18కి. కారదే, మనిషదే, మెళ్లో దండ కూడా అదే. మారింది కింద నేల మాత్రమే. అటూ ఇటూ దిగకుండా తిరిగిన మనిషి ఒక్క నరసింహన్ గారే. 2014 నుంచి 2019 దాకా రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆయనే గవర్నరు మరి.

ఇదంతా పదవి లెక్క. మనిషి గొప్పదనం ఇందులో కొలవరు. జనం దీన్నే తికమక పడతారు. 1921లో ఇదే బెజవాడలో గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్యగారు 1963లో ఇదే ఊళ్లో పేదరికంలో పోయారు. ఆయన బతికుండగా ఏ జెండా పండక్కైనా వచ్చి ఉంటే, జాబితా ప్రకారం ఆయనకి మెట్టు లేదు. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టకపోతే అది మన సిగ్గుమాలినతనం. జాబితాది తప్పు కాదు. మనిషిని చూసి ఇచ్చే పెద్దరికం వేరు, జెండాకి ఎవరు సెల్యూట్ కొట్టాలో రాసిపెట్టుకున్న వరస వేరు. జెండా మాటొచ్చింది గనక ఒకటి చెప్పాలి. 1973 దాకా రాష్ట్రాల్లో ఆగస్టు 15న కూడా జెండా ఎగరేసింది గవర్నర్లే. ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రి ఉండగా ఇదేంటని తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి కేంద్రాన్ని అడిగారు. 1974 నుంచి ఆగస్టు 15 ముఖ్యమంత్రులది, జనవరి 26 గవర్నర్లది అయింది. వరస గురించి పేచీ పెట్టడం అన్నిసార్లూ అల్పబుద్ధి కాదని దీన్ని చూస్తే అనిపిస్తుంది. ఆ పేచీలో ఒక రాజకీయ సూత్రం ఉంది, దాని పరిష్కారం అందరికీ తెలిసిన నియమంగా మారింది.

మన రాష్ట్రానికి మాత్రం వరసల పేచీ పుట్టుకతోనే వచ్చింది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో, ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే ఉపముఖ్యమంత్రి తెలంగాణ నుంచి, అక్కడి నుంచైతే ఇక్కడి నుంచి అని రాసుకున్నారు. నవంబరులో రాష్ట్రం వచ్చింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి పదవిని ఆరో వేలితో పోల్చి పక్కన పెట్టేశారు. ఆ ఆరో వేలు 2019లో ఒకేసారి అయిదు వేళ్లయింది. ఇప్పుడు మళ్లీ ఒక్కటి. రాజ్యాంగంలో ఈ పదవి పేరే లేదు. అది మంత్రికి పెట్టుకున్న పేరు మాత్రమేనని, తప్పేం లేదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పింది. ఢిల్లీ జాబితాలో మాత్రం రాష్ట్రాల ఉపముఖ్యమంత్రులు పదో మెట్టు మీద ఉన్నారు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కంటే నాలుగు మెట్లు పైన! రాజ్యాంగంలో లేని పదవి రాజ్యాంగంలో ఉన్న పదవి కంటే ముందు కూర్చుంటుందన్నమాట. జాబితాని వెనకేసుకొచ్చే నాకు కూడా ఇక్కడ నోరు పెగలదు.

మా ఊరి సంగతికొస్తాను. కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం కావడంతో, బెజవాడకి చాలాకాలం సబ్ కలెక్టరే పెద్ద దిక్కు. గుంటూరు అదృష్టం కొంచెం మెరుగు. 1954 జూలైలో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు అక్కడే పెట్టారు, కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి. రెండేళ్లు తిరిగేసరికి అదీ హైదరాబాద్ వెళ్లిపోయింది. మా తరం గుమాస్తాలకి జాబితాలో పేరున్న మనిషి దర్శనం పుష్కరాలకో, ఎన్నికలకో, తుపానొచ్చినప్పుడో. 2014 తర్వాత అంతా తిరగబడింది. సచివాలయం వెలగపూడికి వచ్చింది, 2019 జనవరి 1న హైకోర్టు వేరుపడింది, అదే ఏడు జూలైలో గవర్నరుగారు సూర్యారావుపేటలో ఒకప్పటి ఇరిగేషన్ ఆఫీసు భవనంలోకి వచ్చారు. ఇందిరాగాంధీ స్టేడియంలో రాష్ట్రస్థాయి పరేడ్లు మొదలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంటే కలెక్టర్లు, ఎస్పీలు, జాయింట్ కలెక్టర్లు అందరూ రెట్టింపు. మెట్లు ఎక్కే జనం పదేళ్లలో ఇన్నింతలయ్యారు. మెట్ల లెక్క తెలిసిన గుమాస్తాలు మాత్రం అలా పెరగలేదు. హైదరాబాద్‌లో తరాలుగా ఆ పని చేసిన చేతులు వేరు, ఇక్కడ ఫైలు కొత్తగా తెరిచిన చేతులు వేరు.

ఇక అసలు చిక్కు. ఢిల్లీ జాబితా ఎక్కడ ఆగిపోతుందో మన గొడవ సరిగ్గా అక్కడ మొదలవుతుంది. అందులో కలెక్టర్ లేడు. మేయర్ లేడు. జడ్పీ చైర్‌పర్సన్ లేరు, సర్పంచి లేడు. ఎమ్మెల్యేల మాట ఒక నోట్‌లో వస్తుంది. ఢిల్లీలో ఉండటం వల్ల వాళ్లని ఏదైనా ప్రభుత్వ వేడుకకి పిలిస్తే ఎంపీల తర్వాత స్థానం ఇవ్వాలని, అంతే. జిల్లా వాళ్ల వరస రాష్ట్రాలు విడిగా ఉత్తర్వులిచ్చి చూసుకోవాలి. ఉత్తర్వులు వస్తాయి, రావని కాదు. ఒకటి సర్క్యులర్‌గా, ఒకటి మెమోగా, ఒకటి ఎవరో ప్రజాప్రతినిధి ఫిర్యాదు చేసినప్పుడు వివరణగా. మా ఆఫీసులో అవన్నీ ఉన్న ఫైలు ఒకటుండేది. జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి అక్షరాలు చీమల బారులా తయారయ్యాయి. మూడో పేజీ ఎప్పుడూ ఉండేది కాదు.

ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునే మనిషి ఒకడున్నాడు. బయటి రాష్ట్రం వాళ్లకి చెబితే అర్థం కాదు. నియోజకవర్గ ఇన్‌చార్జి. ఎన్నికల్లో ఓడిపోయిన, లేదా టికెట్ రాని, అయినా పార్టీ తరఫున ఆ నియోజకవర్గాన్ని చూసుకునే నాయకుడు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ వాళ్లు ఉంటారు, ఇందులో ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఏ చట్టంలోనూ ఆ పదవి లేదు. కానీ ప్రభుత్వ కార్యక్రమంలో అవతలి పార్టీ ఎమ్మెల్యే ప్రోటోకాల్ ప్రకారం కుర్చీలో ఉంటే, ఇన్‌చార్జిగారు జనం ప్రకారం పక్కన కూర్చుంటారు. లేవమనే ధైర్యం ఏ డిప్యూటీ తహసీల్దారుకుంటుంది? నా సర్వీసులో ఒక్కసారీ నాకు లేదు.

ఆయన పక్కనే కేబినెట్ హోదా వాళ్లు. దీనికో కథుంది. 2003లో రాజ్యాంగానికి 91వ సవరణ చేసి, మంత్రుల సంఖ్య అసెంబ్లీ బలంలో 15 శాతం దాటకూడదన్నారు. మనకి 175 స్థానాలు, కాబట్టి ముఖ్యమంత్రితో కలిపి 26 మంది. ఆశపడేవాళ్లు అంతకి నాలుగింతలు. దాంతో కార్పొరేషన్ పదవులు, సలహాదారు పదవులు, వాటిలో కొన్నిటికి కేబినెట్ హోదా. 2020లో ఒక్క బీసీ కులాల కోసమే 56 కార్పొరేషన్లు పెట్టారు. ఆ కులాలకి దానివల్ల ఏం ఒరిగిందన్నది వేరే చర్చ. గుమాస్తాకి మాత్రం స్టేజీ మీద ఎక్కించాల్సిన మనుషులు పెరిగారు. హోదా ఉన్నవాళ్లకి కేబినెట్ మంత్రి మెట్టు కూడా వస్తుందా, జీతం, కారు, సిబ్బంది వరకేనా? ఈ ప్రశ్న నేను ఇద్దరు పై అధికారుల్ని అడిగాను. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు, ఇద్దరూ రాసివ్వమంటే ఇవ్వలేదు.

రాతలో తేలని వరసని మనవాళ్లు విశేషణాలతో తేలుస్తారు. ఆహ్వాన పత్రిక తీయండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. వీరిలో గౌరవం ఎక్కువ ఎవరికో, ఆత్మీయత తక్కువ ఎవరితోనో అచ్చు వేసినవాడికీ తెలియదు. ఒకసారి నేను ‘విశిష్ట’ వాడేశాక ఇంకో పెద్దమనిషి ఒప్పుకున్నాడు. పదాలు అయిపోయాయి. పక్క సీటు గుమాస్తా, తెలుగు పండితుడి కొడుకు, ‘ప్రత్యేక అతిథి’ అని అందించి నా పరువు నిలబెట్టాడు. బెంజిసర్కిల్ ఫ్లెక్సీల్లో పదాలతో కూడా పనిలేదు. తలకాయ ఎంత పెద్దగా ఉంటే మెట్టు అంత పైది.

శిలాఫలకం వీటన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది చెరగదు. ఓ పల్లెటూరి బడికి అదనపు గదులు కట్టారు. రాయి మూడడుగులు, పేర్లు పద్నాలుగు. చెక్కే మేస్త్రి గుంటూరులో షాపులో నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, “సార్, పైన పేర్లు రెండంగుళాలు అంటారు, కింద వాళ్లకి రాయి ఎక్కడినుంచి తేను?” అని అడిగాడు. నేను ఫైలు చూసి వరస చెప్పాను. నాలుగో పేరు ఇన్‌చార్జిగారిది. అది ఫైల్లో లేదు, ఫోన్లో చెప్పారు. అందరికంటే కింద సర్పంచి పేరు. ప్రారంభం రోజున దండలూ శాలువాలూ అయ్యాక ఆ సర్పంచమ్మ ఒక్కతే రాయి దగ్గరికొచ్చి తన పేరు వెతుక్కుంది. కనపడలేదు. మేస్త్రి మనిషి చెంబుతో నీళ్లు చల్లితే తడిసిన రాయి మీద ఆవగింజలంత అక్షరాలు తేలాయి. ఆవిడ చూసుకుని, ఏమీ అనకుండా కొంగుతో ఆ ఒక్క లైను తుడిచి వెళ్లిపోయింది. 73వ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. పంచాయతీకి రాజ్యాంగంలో ఒక భాగమే కేటాయించారు. ఆ రాయి మీద రాజ్యాంగం ఉన్న మనిషి కిందా, ఏమీ లేని మనిషి పైనా ఉన్నారు. అలా చెక్కించింది నేనే.

జాబితా ఎత్తేయమనే మిత్రులకి నేను చెప్పే కథ ధర్మరాజు రాజసూయం. అక్కడ లిస్టు లేదు. అగ్రపూజ ఎవరికని ధర్మరాజు భీష్ముణ్ణి అడిగాడు. ఆయన కృష్ణుడన్నాడు. భీష్ముడంతటి పెద్దమనిషి ఆలోచించి చెప్పిన మాటే, అయినా శిశుపాలుడు లేచాడు. సభలో ద్రోణుడు లేడా, కృపుడు లేడా, ద్రుపదుడు లేడా, రాజు కూడా కాని ఈ గొల్లవాడికా అన్నాడు. ఆ సభ ఒక తల తెగాక గానీ సర్దుకోలేదు. పెద్దల విచక్షణకి వదిలేస్తే భీష్ముడి చేతిలోనే అలా జరిగింది. మా మేనల్లుడి చేతిలో ఏం జరుగుతుంది?

ఇంకో మిత్రుడు పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తుచేశాడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్న నేల ఇది, వరసలెందుకని. చాపకూడంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. అది భోజనం. ఆకలి అందరిదీ ఒకటే గనక చాపా ఒకటే కావాలి. పరేడ్‌లో గౌరవ వందనం మాత్రం ఒక్కరే తీసుకోవాలి, రాయి మీద మొదటి పేరు ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో ముందే తేలకపోతే, చాపకూడు పేరు చెప్పి మోచేతి బలం ఉన్నవాడు కూర్చుంటాడు.

రాత లేని చోట పెద్ద స్థాయిలోనూ ఇంతే. 2024 జూన్ 21న వెలగపూడిలో ఎమ్మెల్యేల ప్రమాణం జరిగింది. మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పార్టీకి వచ్చినవి 11 స్థానాలు. ఆయన చేత మంత్రుల తర్వాత ప్రమాణం చేయించారు. కొద్దిరోజులకే ఆయన స్పీకరుకి రాసిన లేఖలో, సంప్రదాయానికి విరుద్ధంగా మంత్రుల తర్వాత తనని పిలిచారని ఎత్తిచూపారు. ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు. ఆ వరస ఒక కాగితం మీద అందరికీ కనపడేలా ముందే ఉంటే ఆ వాక్యం రాయాల్సి వచ్చేదా అన్నదే నా అనుమానం. రాత ఉన్నా పాటించకపోతే ఇంకో రకం రగడ. అదే ఏడు ఆగస్టు 15న ఎర్రకోట దగ్గర లోక్‌సభ ప్రతిపక్ష నేత రాహుల్ గాంధీని వెనక వరసలో కూర్చోబెట్టారు. జాబితాలో ఆయనది ఏడో మెట్టు. ఒలింపిక్ పతక విజేతలకి ముందు వరసలు ఇచ్చామని రక్షణ శాఖ వివరణ. క్రీడాకారుల్ని ముందు కూర్చోబెట్టడం నాకు ఇష్టమే. కానీ ప్రతిపక్షం కుర్చీ జరపడానికి క్రీడాకారుల్ని అడ్డం పెట్టుకున్నారన్న మాట పడకుండా ఉండాలంటే, ఆ సంగతి ముందే నిబంధనగా రాసుకోవాలి.

ఇంతసేపూ జాబితాని వెనకేసుకొచ్చాను. దాని మీద నా కోపం కూడా చెప్పాలి. ఆ 1979 నోటిఫికేషన్ కింద నోట్లున్నాయి. మొదటి నోట్ ఏం చెబుతుందంటే, ఈ వరస ప్రభుత్వ వేడుకల కోసం మాత్రమే, రోజువారీ పాలనకి ఇది వర్తించదు అని. ఒకటో నంబరు నోట్! దాన్ని చదివిన అధికారి నాకు ఒక్కరూ తగల్లేదు. మనం చేసింది సరిగ్గా తలకిందులు. వేడుకల్లో వరస పాటించం, రోజువారీ పనిలో పాటిస్తాం. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు తీసేశారు, సైరన్లు మిగిలాయి. 2012లో ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతిగా ఉండి ‘మహామహిమ’లాంటి సంబోధనలు వద్దన్నారు, మా మైకుల దగ్గర అవి ఇంకా వినిపిస్తూనే ఉంటాయి.

ఒక సోమవారం అర్జీలు తీసుకునే రోజు. హాల్లో ముందు రెండు వరసలు అధికారులకి, టవళ్లతో సహా. లంక గ్రామం నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, పొలం ఏటికోతకి పోయిందని అర్జీ పట్టుకుని, మోకాళ్లు పట్టేసి ఖాళీగా ఉన్న టవలు కుర్చీలో కూలబడ్డాడు. అటెండరు వచ్చి లేపాడు. “అది సార్లది తాతా.” ఆ సార్ ఆ రోజు రానే లేదు. కుర్చీ మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉంది, ముసలాయన గోడకి జారబడి నిలబడే ఉన్నాడు. నేను రిజిస్టరులో నంబర్లు వేస్తూ తల దించుకున్నాను. ప్రోటోకాల్ అంటే జనానికి ఒళ్లు మంట ఎందుకో ఆ కుర్చీని చూస్తే తెలుస్తుంది. అక్కడ వేడుక లేదు. జెండా లేదు. జాబితా మాట వింటే ఆ గదిలో దానికి పనే లేదు.

అందుకే నాకు కావాల్సింది చాలా చిన్నది. జిల్లాకి ఒక్క పేజీ. కలెక్టర్ సంతకంతో. సర్పంచి దగ్గర్నుంచి మంత్రి దాకా ఎవరెక్కడో, ఆ కార్యక్రమం ఎవరి హద్దులో జరిగితే వాళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుగులో రాసి, సభ జరిగే చోట గోడకి అతికించాలి. ఆ పేజీలో పేరులేని పదవికి స్టేజీ మీద కుర్చీ లేదు, కింద ముందు వరసలో ఎంత గౌరవంగానైనా కూర్చోవచ్చు. ఆ పేజీ నెత్తిమీద ఒకటో నోట్‌ని పెద్దక్షరాల్లో వేయాలి. లెక్చరర్ మిత్రుడు దీనికీ అడ్డుపడ్డాడు. పేజీ పెడితే అందులో ఎక్కడానికి పైరవీలు మొదలవుతాయి, ఏడాదికల్లా ఆరు పేజీలవుతుంది అన్నాడు. అవుతుంది. ఆ పైరవీ కనీసం సభకి ఆర్నెల్ల ముందు, కలెక్టర్ గదిలో జరుగుతుంది. ఇప్పుడు సభకి పది నిమిషాల ముందు, మా మేనల్లుడి చొక్కా పట్టుకుని జరుగుతోంది.

ఆ రాత్రి వాడికి నేను చెప్పగలిగింది ఒకటే. “మీ జిల్లాకి ఆఖరున వచ్చిన ఉత్తర్వు ఏదో తీసి చూడరా. అందులో ఉన్నట్టు చెయ్యి, కాపీ జేబులో పెట్టుకో.”

“ఆ ఫైలు పాత జిల్లా కలెక్టరేట్‌లో ఉండిపోయిందట మామయ్యా. విడిపోయినప్పుడు మాకు రాలేదు.”

మర్నాడు సాయంత్రం నేనే ఫోన్ చేశాను. ఏమైందిరా అన్నాను. చైర్‌పర్సన్‌గారూ మేయర్‌గారూ ఇద్దరూ ఆలస్యంగా వచ్చారట. ఈలోపు మంత్రిగారి కుడిపక్క కుర్చీలో ఇన్‌చార్జిగారు కూర్చున్నారు, ఎడమపక్క కుర్చీలో ఆయన బావమరిది.

“మరి నువ్వేం చేశావు?”

“ఏం చేస్తాం మామయ్యా, ఇంకో రెండు కుర్చీలు వేయించా. టవళ్లు సరిపోలేదు.”